గాలికి పగ్గం వేసి నీటిమీద నడక: కైట్‌సర్ఫింగ్ తొలి పాఠాలు

(తృతీయ బి.యస్సి. విద్యార్థి)

సంక్రాంతికి గాలిపటం ఎగరేయనివాడు మన కాలేజీలో ఉండడేమో. మాంజా పూయడం, పక్కవాడి దారం తెగ్గొట్టడం, తెగిన పటం వెంట గోడలు దూకడం మనకందరికీ తెలిసిన విద్యలే. మనం గాలిపటాన్ని ఎగరేయడమే గాని, గాలిపటం మనిషిని లాక్కుపోవడం చాలామంది చూసి ఉండరు. పది పన్నెండు చదరపు మీటర్ల గాలిపటాన్ని నడుముకు తగిలించుకుని, కాళ్ళకింద ఒక పలక పెట్టుకుని, సముద్రం మీద గంటకు ముప్ఫై నలభై కిలోమీటర్ల వేగంతో పోయే ఆట ఒకటుంది. దాని పేరు కైట్‌సర్ఫింగ్. ఇంజను లేదు, పెట్రోలు లేదు. గాలి ఒక్కటే ఇంధనం.

ఈ ఆట గురించి మా హాస్టల్లో ఈ ఏడాది చర్చ బాగా సాగింది. ఫోనులో వీడియోలు చూసి ముచ్చటపడిన మిత్రులు కొందరు తలా కొంత వేసుకుని పాత కైటు ఒకటి కొందామనీ, మన తీరంలోనే ఎక్కడో ఒకచోట తమంతట తామే నేర్చుకుందామనీ ఆలోచిస్తున్నారు. ఉత్సాహం మంచిదే. కాని సముద్ర స్నానానికి వెళ్ళి తిరిగిరాని విద్యార్థుల వార్తలు ప్రతి ఏడూ పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. అందువల్ల, అసలు ఈ ఆట ఎలా పనిచేస్తుంది, కొత్తవాడు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి అన్నది వివరంగా చెప్పాలనిపించింది. కిందటి వేసవి సెలవుల్లో రామేశ్వరంలో మూడు రోజులు నేర్చుకున్న పాఠాలూ, క్లాసులో విన్న భౌతికశాస్త్రమూ, మా పొలంలో గాలి నేర్పిన సంగతులూ కలిపి రాస్తున్నాను.

ఆట పుట్టుక

గాలిపటంతో బరువు లాగించాలన్న ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండులో బ్రిస్టల్ నగరానికి చెందిన జార్జి పోకాక్ అనే బడిపంతులు గుర్రాలు లేకుండా గాలిపటాలతో నడిచే బండిని తయారుచేసి 1826లో పేటెంటు పొందాడు. 1903లో శామ్యూల్ కోడీ అనే ఆయన గాలిపటం లాగే పడవలో ఇంగ్లీషు ఛానెల్ దాటాడు. కాని పటం నీళ్ళలో పడితే మళ్ళీ లేవదు కదా! అక్కడే అందరూ ఆగిపోయారు. ఆ చిక్కు విప్పినవారు ఫ్రాన్సు దేశపు అన్నదమ్ములు బ్రూనో, డొమినిక్ లెగెన్యూలు. పటం ముందంచుకూ అడ్డకమ్మీలకూ సైకిలు ట్యూబులా గాలి కొట్టి నింపితే పటం నీళ్ళమీద తేలుతుంది, మళ్ళీ పైకి లేస్తుంది. ఈ ఊహకు వాళ్ళు 1984 నవంబరులో పేటెంటు దాఖలు చేశారు. అమెరికాలో బిల్ రోస్లర్, ఆయన కుమారుడు కోరీ దాదాపు అదే కాలంలో మరో పద్ధతిలో ప్రయత్నించారు. 1990ల చివరినాటికి హవాయి దీవుల్లో ఆట స్థిరపడింది. 2024 పారిస్ ఒలింపిక్సులో మొదటిసారిగా పతకాల పోటీల్లో చేరింది. మార్సెయిల్ సముద్రంలో జరిగిన ఆ పందాల్లో మహిళల స్వర్ణం బ్రిటన్‌కు చెందిన ఎలీ ఆల్‌డ్రిడ్జికి, పురుషుల స్వర్ణం ఆస్ట్రియాకు చెందిన వాలెంటిన్ బోంటుస్‌కు దక్కాయి.

కొంచెం లెక్క

సైన్సు విద్యార్థిని గనుక ఒక్క లెక్క చెప్పనివ్వండి. గాలి బలం గాలి వేగాన్ని బట్టి కాక, వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపయితే బలం నాలుగింతలు. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే ఈ ఆటలోని ప్రమాదం సగం అర్థమైనట్టే.

సముద్రం మీద గాలిని నాట్లలో కొలుస్తారు. ఒక నాటు అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. 15 నాట్ల గాలి అంటే సెకనుకు సుమారు 7.7 మీటర్లు. ఘనపు మీటరు గాలి బరువు 1.2 కిలోలు. పటం వైశాల్యం 12 చదరపు మీటర్లు, బలపు గుణకం సుమారు 0.8 అనుకుందాం. వేగపు వర్గాన్ని గాలి సాంద్రతతో గుణించి, సగం చేసి, వైశాల్యంతోనూ గుణకంతోనూ హెచ్చవేస్తే 340 న్యూటన్లు వస్తుంది. అంటే దగ్గర దగ్గర 35 కిలోల లాగుడు. నడుముతో తట్టుకోగలిగిన బలమే. అదే పటానికి 30 నాట్ల గాలి తగిలితే? 1370 న్యూటన్లు. అంటే 140 కిలోలు, రెండు బస్తాల వడ్లకు కాస్త తక్కువ. అరవై కిలోల విద్యార్థి ఇక నేలమీద ఉండడు.

ఇంకో సంగతి. పటం ఒకచోట నిలబడి ఉన్నప్పటి లెక్క ఇది. పటాన్ని ఆకాశంలో వేగంగా తిప్పితే దానికి తగిలే గాలి వేగం ఇంకా పెరుగుతుంది. ఆ వేగం రెట్టింపయితే మళ్ళీ నాలుగింతలే. అందుకే కైటును మెల్లగా నడిపినప్పుడు సాధువులా ఉండి, ఒక్కసారి కిందికి దూకిస్తే అచ్చేసి వదిలిన ఆబోతవుతుంది.

గాలి కిటికీ

గాలికి వీపు పెట్టి నిలబడండి. మీ ముందు ఆకాశంలో పెద్ద గడియారం ఉన్నదనుకోండి. ఎడమచేతి వైపు నేలకు దగ్గరగా 9 గంటలు, నడినెత్తిన 12, కుడిచేతి వైపు 3. ఈ 9 నుంచి 12 మీదుగా 3 వరకు ఉన్న వంపే అంచు. పటం ఈ అంచు మీద ఉంటే లాగుడు చాలా తక్కువ. అంచు నుంచి మీకు ఎదురుగా, గాలి పోయే దిక్కుకు నడిమధ్యకు వచ్చేకొద్దీ లాగుడు పెరుగుతుంది. అంచులతో సహా ఈ మొత్తం ప్రదేశాన్ని గాలి కిటికీ అంటారు.

మన సంక్రాంతి అలవాటు ఇక్కడ పనికిరాదు. మనం పటం ఎగరేసేటప్పుడు రెండోవాడు పటాన్ని గాలివాలుకు నేరుగా, దూరంగా పట్టుకుని వదులుతాడు. కైటును అలా వదిలితే అది కిటికీ నడిమధ్యలో లేచి, పూర్తి బలంతో మనిషిని ముందుకు విసురుతుంది. కైటు పట్టుకునేవాడు పక్కన, అంచు దగ్గర నిలబడాలి. ఎగరేసేవాడు దారాలన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకుని బొటనవేలు పైకెత్తి సైగ చేసిన తర్వాతే వదలాలి.

సామాను

కైటుకు నాలుగో అయిదో దారాలుంటాయి. పొడవు ఇరవై నుంచి ఇరవై ఏడు మీటర్లు. మన మాంజాలాగా గాజుపొడి ఉండదు గాని బిగిసినప్పుడు వేలు తెగుతుంది. కాబట్టి దారాన్ని చేత్తో పట్టుకోవడం, చేతికి చుట్టుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. దారాల చివర చేతికర్ర ఉంటుంది, దాన్ని బారు అంటారు. నడుముకు కట్టే పట్టీ హార్నెస్. బారు మధ్యనుంచి వచ్చే లూపు హార్నెస్ కొక్కేనికి తగులుతుంది. అంటే బరువంతా నడుము మోస్తుంది, చేతులు దారి చూపుతాయి. కాళ్ళకింద పలక సుమారు నాలుగున్నర అడుగులు, కొత్తవాళ్ళకు కాస్త పెద్దది ఇస్తారు. తలకు హెల్మెట్, ఒంటికి తేలే జాకెట్ తప్పనిసరి. దారం చిక్కుకుంటే కోసుకోవడానికి కొక్కెం కత్తి ఒకటి హార్నెస్‌లోనే పెట్టుకుంటారు.

ఇప్పుడు అతి ముఖ్యమైన విషయం. అరక దున్నినవాడికి పగ్గం సంగతి చెప్పనక్కరలేదు. ఎద్దు బెదిరి ఉరికితే పగ్గం బిగబట్టి వెనక్కి లాగుతాం, ఎద్దు ఆగుతుంది. కైటు దీనికి పూర్తిగా విరుద్ధం. బారును ఒంటివైపు లాక్కుంటే వెనక దారాలు బిగిసి, పటం గాలికి మరింత ఎదురొడ్డుతుంది, బలం పెరుగుతుంది. బారును ముందుకు వదిలితే బలం తగ్గుతుంది. ఎద్దు పగ్గం బిగిస్తే ఆగుతుంది, కైటు బారు బిగిస్తే ఉరుకుతుంది. భయపడ్డ మనిషి సహజంగా చేసే పని ఏమిటి? చేతిలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుని దగ్గరికి లాక్కోవడం! కొత్తవాళ్ళ ప్రమాదాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. భయమేస్తే వదిలెయ్యాలి అన్న పాఠం బుర్రకు ఎక్కితే చాలదు, చేతులకు ఎక్కాలి. పక్కన ఒకడు నిలబడి వంద సార్లు చెప్తేగాని అది ఎక్కదు. వీడియో చూసి నేర్చుకోలేమనడానికి నాకు కనిపించిన మొదటి కారణం ఇదే.

ఆపద వేళ చేయవలసినవి మూడు మెట్లు. మొదటిది, బారు వదిలెయ్యడం. దానితో లొంగకపోతే రెండోది, లూపు దగ్గర ఉన్న ఎర్రని విడుదల పిడిని ముందుకు తోసెయ్యడం. అప్పుడు పటం ఒకే దారం మీద వేలాడి చప్పబడి కింద పడుతుంది. అదీ పనిచేయక ఇంకా ఈడ్చుకుపోతుంటే మూడోది, ఆ చివరి దారాన్ని కూడా విప్పేసి కైటును పోనివ్వడం. కైటు పోతే డబ్బు పోతుంది, అంతే. ఈ మూడు మెట్లూ కళ్ళు మూసుకుని చేయగలిగే వరకు లోతు నీళ్ళలోకి దిగకూడదు.

పాత కైటు కొందామనే మిత్రులు ఇక్కడ ఆగి ఆలోచించాలి. బారు వదిలితే బలం దాదాపు పూర్తిగా పడిపోయే రకం కైట్లు 2005 ప్రాంతంలో వచ్చాయి. అంతకు ముందువాటిలో ఆ సౌకర్యం చాలా తక్కువ. విడుదల పిడికి అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది 2020లో. చవగ్గా దొరికిందని ఏ కాలపుదో తెలియని కైటు కొనడమంటే, బ్రేకులున్నాయో లేవో చూడకుండా లారీ కొనడం లాంటిది.

గాలి చూడటం

ఇప్పుడు మా ఊళ్ళో కోతా నూర్పూ యంత్రాలే చేస్తున్నాయి గాని, నా చిన్నతనంలో మినుములూ కందులూ చేటతో తూర్పారబట్టడం చూశాను. మా నాన్న ముందు గుప్పెడు దుమ్ము పైకి వదిలి చూసేవాడు. "ఒరే, గాలి చూసి చేట ఎత్తాలి గాని, చేట ఎత్తి గాలి చూడకూడదు" అనేవాడు. గడ్డివామి చాటున ఎన్నడూ తూర్పారబట్టేవాడు కాదు. అక్కడ గాలి ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు, సుడి తిరుగుతుంది. గింజ మీద తాలు వచ్చి పడుతుంది. రామేశ్వరంలో నాకు చెప్పిన మొదటి పాఠమూ ఇదే. చెట్టు, మేడ, దిబ్బ ఏది ఉన్నా దాని ఎత్తుకు ఏడెనిమిది రెట్ల దూరం వరకు గాలి చెడిపోయి ఉంటుంది. అక్కడ కైటు ఎత్తకూడదు.

గాలి దిక్కు మూడు రకాలు. సముద్రం నుంచి నేరుగా ఒడ్డుకు కొట్టే గాలి మనల్ని ఒడ్డు మీదికీ, అక్కడున్న రాళ్ళమీదికీ విసరవచ్చు. ఒడ్డు నుంచి సముద్రంలోకి పోయే గాలి అన్నిటికన్నా ప్రమాదం. ఏ చిన్న పొరపాటు జరిగినా మనిషి సముద్రంలోకే కొట్టుకుపోతాడు. ఒడ్డు వెంబడి పక్కనుంచి వీస్తూ కొంచెం ఒడ్డువైపు మొగ్గే గాలి కొత్తవాడికి మంచిది.

మన కోస్తా సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. జూన్, జూలై నెలల్లో మనకు బాగా వీచేది పడమటి గాలి. మన సముద్రం తూర్పున ఉంది. అంటే ఆ గాలి నేల మీదినుంచి సముద్రంలోకి పోయే గాలి! మధ్యాహ్నాలు సముద్రపు గాలి తిరగవచ్చు, తిరక్కపోవచ్చు. పైగా మన తీరంలో చాలాచోట్ల అలలు ఒడ్డు దగ్గరే విరుగుతాయి, లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, ఒడ్డున వలలూ పడవలూ ఉంటాయి. అవి మత్స్యకారుల బతుకుతెరువు. మన సరదా కోసం వాళ్ళ వలలు చింపే హక్కు మనకు లేదు.

వేగం విషయంలో 12 నుంచి 18 నాట్ల నిలకడ గాలి కొత్తవాడికి సరిపోతుంది. యంత్రం లేకపోయినా కంటితో అంచనా వేయవచ్చు. నీళ్ళమీద అక్కడక్కడ తెల్ల నురుగు తలలు కనిపించడం మొదలైతే పది నాట్లకు దగ్గరగా ఉందన్నమాట. ఎటు చూసినా తెల్లగా ఉంటే కొత్తవాడు ఒడ్డున కూర్చుని చూడాలి. మబ్బు కమ్ముకొస్తున్నా, ఉరుము వినిపించినా కైటు దించెయ్యాలి. వాన ముందు గాలి నిమిషంలో రెట్టింపవుతుందని రైతుబిడ్డలకు వేరే చెప్పాలా? రెట్టింపంటే నాలుగింతలని పైన లెక్క వేశాం కదా.

నేర్చుకునే వరుస

మొదటి మెట్టు నేలమీద. రెండు మూడు చదరపు మీటర్ల చిన్న పటంతో గడియారం దిక్కులన్నీ తిప్పడం నేర్పుతారు. చూపు పటం మీద లేకుండానే అది ఎక్కడుందో చేతికి తెలియాలి.

రెండోది, నడుము లోతు నీళ్ళలో పెద్ద కైటు ఎత్తడం, దించడం, నీళ్ళలో పడినదాన్ని మళ్ళీ లేపడం. ఒడ్డున కైటును నెత్తిమీద 12 దగ్గర పెట్టుకుని కబుర్లు చెప్పకూడదు. ఒక్క ఈదురు గాలి వస్తే మనిషి నిలువునా పైకి లేచిపోతాడు. కైటును నీటివైపు కిందిగా ఉంచి త్వరగా నీళ్ళలోకి నడవాలి. గాలివాలుకు కనీసం రెండు దారాల దూరం, అంటే యాభై మీటర్లు, మనుషులు గాని రాళ్ళు గాని స్తంభాలు గాని లేకుండా చూసుకోవాలి.

మూడోది, పలక లేకుండా ఒంటితోనే నీళ్ళలో ఈడ్పించుకోవడం. ఇది హాస్యంగా కనిపిస్తుంది, ఉప్పునీళ్ళు బాగా తాగుతాం. కాని దీని ప్రయోజనం గొప్పది. పలక జారిపోయినప్పుడు అది గాలికి ఎదురు దిక్కున ఉండిపోతుంది. ఒక చెయ్యి నీళ్ళలో చాచి, ఒంటిని చుక్కానిలా వాడుకుని, అటూ ఇటూ ఏటవాలుగా పోతూ దాన్ని తెచ్చుకోవాలి.

నాలుగోది, పలక మీద లేవడం. పలకను రెండు కాళ్ళకూ తొడుక్కుని నీళ్ళలో గొంతుక్కూర్చున్నట్టు ఉండి, కైటును 12 దగ్గర పెట్టి, పోవలసిన వైపు 1 కో 2 కో ఒక్కసారి దించాలి. కైటు లాగుతుంది, మనిషి లేస్తాడు. చాలామంది మొదట లేచి ముందుకు బోర్లా పడతారు. కాళ్ళతో లేవడానికి ప్రయత్నించకూడదు, కైటు లేపేదాకా ఓపిక పట్టాలి. మూడో రోజు సాయంత్రానికి నేను నిలబడి పోయిన దూరం నలభై యాభై మీటర్లకు మించదు. దానికే మూడు రోజులూ ఒళ్ళు హూనమైంది.

అయిదోది, గాలికి ఎదురుగా ఏటవాలుగా వెళ్ళి, బయల్దేరినచోటికే తిరిగిరావడం. గాలి లాగేది ఒకవైపు, మనిషి పోయేది మరొకవైపు, ఎలా సాధ్యం? నాగలిని తలుచుకోండి. ఎద్దులు కాస్త పక్కకు లాగినా కర్రు నేలలో దిగబడి ఉంటే నాగలి చాలు తప్పదు. అలాగే పలక అంచు నీటిలో దిగబడి పక్కకు జారకుండా అడ్డుకుంటుంది. పక్కకు లాగే బలం నీటి ప్రతిబలంతో సరిపోతుంది, మిగిలిన బలం పలకను పొడవువైపు నడుపుతుంది. బలాలను విభజించడం ఇంటర్మీడియెట్లో నేర్చుకున్నాం, ఇక్కడ మడమలతో నేర్చుకుంటాం. ఇది వచ్చేవరకు స్వతంత్రంగా ఆడగలిగినట్టు కాదు. ఇది రానివాడు గాలివాలుకు ఎక్కడో తేలి, సామాను మోసుకుంటూ ఒడ్డు వెంట నడిచి రావాల్సిందే.

ఎక్కడ, ఎంత

మన దేశంలో ఈ ఆటకు పేరుపొందిన చోటు తమిళనాడులోని రామేశ్వరం దీవి. ఒకవైపు పాక్ జలసంధి, మరోవైపు మన్నారు సింధుశాఖ. నైరుతి గాలి వీచే వేసవి, వర్షాకాలాల్లో ఒక తీరం, ఈశాన్యపు గాలి వీచే చలికాలంలో మరో తీరం అనుకూలిస్తాయి. నైరుతి కాలంలో అక్కడ గాలే గాని వాన అంతగా ఉండదు. లోతు లేని, అలలు లేని నీళ్ళున్నాయి. 1964 తుపానులో కొట్టుకుపోయిన ధనుష్కోటి ఆ దీవి కొసనే ఉంది. సముద్రం ఏమి చేయగలదో ఆ శిథిలాలు చూస్తే తెలుస్తుంది. శ్రీలంకలో కల్పిటియ కూడా పేరున్న చోటే.

ఖర్చు దాచి చెప్పను. కొత్త సామాను పూర్తిగా కొనాలంటే లక్ష రూపాయలు దాటుతుంది. మాబోటి వాళ్ళకు అది పంట పెట్టుబడి. కాని నేర్చుకోవడానికి సామాను కొననక్కరలేదు, పాఠాలు చెప్పేవాళ్ళే ఇస్తారు. సుమారు పది పన్నెండు గంటల శిక్షణ ఉంటే చాలామంది పలక మీద లేస్తారు. కాబట్టి పాత కైటు కోసం పోగుచేసే డబ్బును పాఠాల కోసం ఖర్చు పెట్టండని నా మనవి. వెళ్ళే ముందు శిక్షకుడికి అర్హత పత్రం ఉన్నదా, ఆపదలో తెచ్చేందుకు పడవ ఉన్నదా, హెల్మెట్టూ జాకెట్టూ ఇస్తారా అని అడగడానికి మొహమాటపడవద్దు.

దానికన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది, దానికి పెద్ద ఖర్చు కాదు. ఈత! మా ఊరి చెరువులోనూ కాలవలోనూ ఈదినవాళ్ళకు కూడా సముద్రం వేరు. కనీసం రెండు వందల మీటర్లు ఆగకుండా ఈదగలగాలి, లోతు నీళ్ళలో కాలు ఆనకుండా పది నిమిషాలు తేలగలగాలి. ఈ సెలవుల్లో అది సాధించండి. చేతనైతే రెండో పని, బజార్లో దొరికే రెండు దారాల చిన్న పటంతో ఖాళీ మైదానంలో, కరెంటు తీగలకు దూరంగా సాధన చెయ్యండి. గాలి కిటికీ చేతికి తెలుస్తుంది. ఈ రెండూ వచ్చినవాడు రామేశ్వరం వెళితే ఒక రోజు పాఠం మిగులుతుంది, ఒక రోజు ఫీజూ మిగులుతుంది.

వెళ్ళినరోజు గాలి బాగా లేదని శిక్షకుడు నీళ్ళలోకి దిగనివ్వకపోతే, డబ్బు కట్టాం కదా అని అతనితో వాదించకండి. గాలి రేపూ వస్తుంది.